చుక్క పెట్టిన పేర్లు

స్మారకోపన్యాసమనగా దివంగతుల గుణకీర్తనముతో అర్ధఘంటయు, వక్త యొక్క పాండిత్య ప్రదర్శనముతో మరియొక ఘంటయు గడపుట మనలో ఆచారమైపోయినది. ఎవరి స్మృత్యర్థము పూర్వవిద్యార్థులు తమ పింఛనులలోనుండి తలా కొంత తీసి ఈ ధర్మనిధిని నెలకొల్పిరో, ఆ మహాశయులు ఈ రెంటిలో దేనిని కూడ సహించెడివారు కారు. మొదటిది ఆరంభము కాగానే లేచి పోయెడివారు, రెండవది ఆరంభము కాగానే నిద్రించెడివారు. వారి కుమార్తె నన్ను ప్రక్కకు పిలిచి, "మా నాయన పేరు మైకులో చెప్పొద్దండి సార్, ఆయనకు గిట్టదు" అని కోరినందున, పెద్దమండ్యములో రెండు తరముల పిల్లలు పిలిచినట్లే నేనును ఆయనను అయ్యవారు అనియే పేర్కొందును. ఈ మండలములో ఆ మాట చాలును.

ఆమెయే నాకొక పాత హాజరు పట్టీని ఇచ్చినది. అట్టపై బెల్లపు రంగు కాగితము అతికియున్నది. దారము తెగినచోట గోనెసూదితో మరల కుట్టిన గుర్తు కలదు. లోపల వరుసగా పేర్లు, పేర్లకెదుట గడులు, వచ్చినవానికి గీత, రానివానికి సున్న. అన్ని బడులలో ఉండునట్టిదే. కాని కొన్ని పేర్లకు ముందు, పుటకు ఎడమ అంచున, పెన్సిలుతో పెట్టిన చుక్క ఒకటి కనిపించును, ఆవగింజకంటె చిన్నది. తనిఖీకి వచ్చిన అధికారి ఒకప్పుడు ఇవియేమని అడుగగా, "పెన్సిలు మొన ఆనింది సార్" అని అయ్యవారు తప్పించుకొనిరట. నిజమేమనగా, బడికి వచ్చియు రాని పిల్లలకు ఆయన ఆ చుక్క పెట్టెడివారు. అట్టి పిల్లవాడు బల్లమీద కూర్చుండును, పేరు పిలిచిన పలుకును, చెప్పినది వ్రాసికొనును, గంట కొట్టగానే ఇంటికి పోవును. లోపలి మనిషి మాత్రము ఏనాటినుండియో గైరుహాజరు. రానివానికి సర్కారువారు గడి ఇచ్చిరి గాని ఇట్టివానికి ఇయ్యలేదు. అందుచేత అయ్యవారు అంచున చోటు చేసికొనిరి.

ఆ పట్టీలో నా పేరునకును చుక్క ఉన్నది. పదవ తరగతి త్రైమాసిక పరీక్షలో నాకు లెక్కలలో వచ్చిన మార్కులను ఇన్నేండ్ల తరువాత కూడ ఈ సభలో చెప్పుటకు నోరు రాదు. పరీక్ష తప్పుట పెద్ద విషయము కాదు. మా తరగతిలో సగము మంది తప్పిరి, తప్పిన మరునాడే చెరువు కట్టమీద గోలీలాడిరి. నాకు మాత్రము గోలీల మీది ఆశ పోయినది. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చెడిది. తరువాత కన్ను మూతపడెడిది కాదు. ముద్ద దిగెడిది కాదు. మా అవ్వ నాకు గాలి సోకినదని నిశ్చయించి, మొలత్రాటికి అంత్రము కట్టించినది. మా నాయన బద్ధకమని నిశ్చయించెను. ఇరువురివి ఆ కాలమునకు తగిన నిర్ణయములే. ఇద్దరిలో ఎవరును నన్ను అడుగలేదు.

చెనిక్కాయ పెరికిన దినములవి. ఒక సాయంకాలము కల్లములో నేనొక్కడనే కూర్చుండి చెట్లనుండి కాయలు తెంపుచుండగా అయ్యవారు సైకిలు కంచెకు ఆనించి వచ్చి, పంచె ఎగదోసికొని నా ఎదుట కూర్చుండి, తామును ఒక పిడికెడు చెట్లు తీసికొని తెంపసాగిరి. మాటలేదు. దీపము పెట్టు వేళ దాటినది. చేతులు మన్నైనవి. మా ఇద్దరి నడుమ కాయల కుప్ప మోకాలెత్తు పెరిగిన పిమ్మట, తల ఎత్తకయే, "రాత్రిళ్ళు నిద్ర పడ్తాందా అబ్బీ?" అని అడిగిరి. నేను వారమునుండి కూడబెట్టుకొనిన జవాబులన్నియు మార్కులను గూర్చినవి. నిద్రను గూర్చి ఎవరైన అడుగుదురని నేననుకొనలేదు. ఏడ్చితిని. ఆయన కాయలు తెంపుచునే ఉండిరి. మనోవైద్యులు నేడు మొట్టమొదట అడిగెడి ప్రశ్నలలో నిద్ర ఒకటియని నాకు చాలకాలమునకు తెలిసినది. ఏ వైద్యగ్రంథమును చదువని ఆ మనిషికి అది ఎట్లు తోచెనో ఇప్పటికిని తెలియదు.

ఈ వ్యాధిని మనము ఏమని పిలుతుము? పత్రికలవారు కుంగుబాటనుచున్నారు, పండితులు విషాదమని, మాంద్యమని అందురు. మన ఇండ్లలో మాత్రము దీనికి సరియైన పేరు లేదు. దిగులనుట కలదు; కాని దిగులునకు కారణముండును, కారణము తీరిన దిగులు తీరును. పెయ్య చచ్చిన ఇంట దిగులు, కూతురిని అత్తవారింటికి పంపిన నాటి దిగులు, ఇవి మనసు ఆరోగ్యముగ ఉన్నదనుటకే గుర్తులు. కుంగుబాటు అట్టిది కాదు. రెండు వారములు దాటియు విడువక, ఇష్టమైన ఆటను, పాటను, స్నేహితుని, తిండిని రుచిలేనివానినిగా చేసి, నిద్రను చెరచి, "నా వల్ల ఏమీ కాదు, నేను ఇంటికి బరువు" అనెడి ఆలోచనను సత్యమువలె చెవిలో చెప్పుచుండునది ఆ వ్యాధి. పెద్దలలో కన్నీరుగా కనబడునది కౌమారములో తరచు కోపముగా కనబడును. లేదా దేహముమీదికి వచ్చును. "తలకాయ నొప్పి అంటాడు, కడుపులో నొప్పి అంటాడు, స్కానింగులో ఏమీ లేదంటారు" అని ఆసుపత్రి వరండాలో తల్లులు చెప్పుకొనెడి మాటలలో సగము ఈ వ్యాధి యొక్క వర్ణనమే. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారము 13 మొదలు 17 సంవత్సరముల వయసు పిల్లలలో 7.3 శాతమునకు ఏదో ఒక మానసిక రుగ్మత కలదు. అరువదిమంది ఉన్న తరగతిలో నలుగురు. అయ్యవారి పట్టీ తీసి లెక్కించితిని. ఏ నెలలో చూచినను చుక్కలు మూడో, నాలుగో, ఐదో.

ఇట్టి సందర్భములో అర్జునవిషాదమును ఉదాహరింపని తెలుగు ఉపన్యాసకుడుండడు గనుక నేను దానిని విడిచిపెట్టి, మనకు దాపుననున్న తరిగొండకు పోయెదను. పదునెనిమిదవ శతాబ్దమున ఆ ఊర పుట్టిన వెంగమాంబను నేడు మనము మహాకవయిత్రిగా కొలుచుచున్నాము. బాలికగా ఆమె ఏకాంతమును, ధ్యానమును చూచి ఊరివారు పిచ్చియనిరనియు, తండ్రి ఆమెను మదనపల్లెలోని రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రిగారి యొద్దకు పంపెననియు చెప్పుదురు. ఆమెకు వ్యాధి ఉండెనని చెప్పుట నా అభిప్రాయము కాదు, లేదనియే నా తలంపు. నేను చూచునది ఊరిని. మౌనముగ ఉన్న పిల్లకు ఊరు పెట్టిన పేరొకటి. ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొని వినిన గురువునకు కనబడినది వేరొకటి. మదనపల్లెలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కథ ఇంకను దగ్గరిది. పాఠము అప్పగింపలేక బడిలో బెత్తము దెబ్బలు తినిన ఆ మందబుద్ధి బాలుడు, తరువాత లండన్ విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షను మరల మరల వ్రాసియు గట్టెక్కలేదు. పోటీయును, పోలికయును లేని చదువు ఉండవలెనని ఆయన నెలకొల్పిన ఋషివ్యాలీ విద్యాలయము మన కొండల నడుమనే ఉన్నది. దానిని చూచుటకు దేశదేశములనుండి వత్తురు; ఆ దారినే మన పిల్లలను ఎక్కించుకొనిన బస్సులు తిరుపతికి, విజయవాడకు, హైదరాబాదునకు పోవుచుండును. ఆ విద్యాలయపు ఫీజు మన రైతునకు అందునది కాదని ఎవరైన అనినచో కాదనను. కాని బస్సు వెళ్ళునట్టి హాస్టలు ఫీజు మాత్రము తక్కువయా?

ఆ ఫీజు ఎక్కడనుండి వచ్చునో చూతము. మన నేల చెనిక్కాయది, టమోటాది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో దాదాపు రెండువందల రూపాయలు పలికిన పంటయే, మరికొన్ని నెలలు తిరుగకముందే కోతకూలి రాక తోటలోనే వదలబడుట మీరెరుగుదురు. ఇట్టి జూదము ఆడి ఆడి విసిగిన తండ్రి, ఈ తరముతోనైన దీనికి తెరపడవలెనని, బోరు వేయుటకు తెచ్చిన అప్పుమీద మరియొక అప్పు తెచ్చి కొడుకును కాలేజీలో చేర్చును. ఆయన ప్రేమను శంకింపరాదు. కాని హాస్టలు గదిలో పై మంచముమీద పండుకొనిన పిల్లవాడు ఆ ప్రేమను లెక్కగట్టుచుండును: అప్పు ఇంత, వడ్డీ ఇంత, నాకు వచ్చిన ర్యాంకు ఇంత. "నీ కోసమే కదా నాయనా ఇదంతా" అనెడి మాటకంటె మెత్తనిది మన భాషలో లేదు. కుంగిన మనసుమీద అంతకంటె బరువైనదియు లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఎంసెట్ 1986లో ఆరంభమైనది. ఆనాడు అది సీట్ల పంపకమునకు ఒక పద్ధతి మాత్రమే. క్రమముగా ఇంటరు చదువు అంతయు ఆ రెండుమూడు గంటల పరీక్షకు సన్నాహమైపోయి, సన్నాహము వ్యాపారమై, వ్యాపారము హాస్టలై, హాస్టలులో ఉదయము ఐదు గంటలనుండి రాత్రి పది దాటువరకు స్టడీ అవర్లై నిలిచినది. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గినవానిని సోమవారమునాడు క్రింది సెక్షనుకు మార్చుదురు. పెద్దలకు ఇది పరిపాలనా సౌకర్యము. పదునారేండ్లవానికి అట్లు కాదు. ఆ ఉదయము తన పెట్టెను, పరుపును, పక్కబల్లవాని స్నేహమును విడిచి, అందరు చూచుచుండగా మెట్లు దిగి పోవుట. పోయిన ఇరువదియైదేండ్లలో ప్రభుత్వములు దీనిని గమనింపలేదనుట అన్యాయము. 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ విచారణ జరిపినవి. కమిటీలు వేయుటలో మనము ఎవరికిని తీసిపోము.

2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటరు ఫలితములు వెలువడిన తరువాత కొలది దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. మార్కుల నమోదులో తప్పులు బయటపడినవి. తెలుగులో సున్న వచ్చినదని చూపబడిన ఒక బాలికకు, తిరిగి చూచినపుడు 99 వచ్చినట్లు తేలినది. 2023 ఏప్రిలులో మన రాష్ట్రపు ఇంటరు ఫలితములు వచ్చిన 48 గంటలలో తొమ్మిదిమంది పోయిరి. దేశమంతటికి చూచినచో జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో ఆత్మహత్య చేసికొనిన విద్యార్థులు 13,044 మంది. ఈ అంకెను చదివి ఒక క్షణము ఆగుట సభామర్యాద. కాని నేను ఆగదలచినది వేరొక చోట. ఫలితము వచ్చిన దినమున జరిగినదానిని మనము ఫలితమువలన జరిగినదనుకొందుము. పరీక్ష తప్పిన లక్షలమంది మరుసటి వారము సప్లిమెంటరీకి ఫీజు కట్టి వచ్చుచున్నారు; ఒక్క కారణముతో ఆత్మహత్య జరుగదని ఈ విషయము తెలిసినవారందరు చెప్పుదురు. మార్కుల జాబితా తుదిమెట్టు కావచ్చును. దానికి ముందు నెలల తరబడి నిద్రలేని రాత్రులు, తిననట్టి భోజనము, మానిన ఆట, ఇంటికి చేయక వదలిన ఫోను ఉండును. అవి ఎవరి పట్టీలోను ఎక్కలేదు.

విశాఖపట్నములో నీట్ పరీక్షకు చదువుచు హాస్టలులో ఉన్న ఒక పదునేడేండ్ల బాలిక 2023లో మరణింపగా, తండ్రి న్యాయస్థానములు తిరిగి తుదకు సుప్రీంకోర్టును చేరెను. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాగారల ధర్మాసనము ఆ కేసులో ఇచ్చిన తీర్పు, మానసికారోగ్యము రాజ్యాంగపు 21వ అధికరణము క్రింది జీవనహక్కులో భాగమని చెప్పి, చట్టము వచ్చువరకు దేశమంతట పాటింపవలసిన పదునైదు మార్గదర్శకములను విధించినది. నూరుమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండవలెను. అంతకు తక్కువైనచో బయటి నిపుణులతో ఏర్పాటు ఉండవలెను. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచీలుగ విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు. సిబ్బంది అందరికి ఏటా రెండుమారులు శిక్షణ ఇయ్యవలెను. వీనిలో నన్ను ఆకర్షించినది ఎక్కువగ ప్రచారము కాని ఒక చిన్న వాక్యము: పరీక్షల కాలమున, తరగతి మారెడి కాలమున, కొద్దికొద్దిమంది పిల్లలకు ఒక్కొక్క పెద్దదిక్కును కేటాయింపవలెను. మన మండలమునకు కౌన్సెలరు ఎప్పుడు వచ్చునో చెప్పజాలను. పెద్దదిక్కునకు ప్రత్యేక నియామకమక్కరలేదు, పెన్సిలు చాలును.

ఇక నా అసలు మాట. "పిల్లలు సహాయము అడుగవలెను, మనసు విప్పి చెప్పవలెను" అని గోడలమీద వ్రాయుచున్నాము, సభలలో చెప్పుచున్నాము. మంచిదే. కాని ఈ వ్యాధి మొట్టమొదట తీసికొనిపోవునది అడిగెడి శక్తినే. తన మాట వినుటకు తాను తగుదునని అనుకొనలేనివాడు, చెప్పిన ప్రయోజనముండునని నమ్మలేనివాడు, ఇంటికి ఇంతకంటె భారము కారాదని నిశ్చయించుకొనినవాడు, ఎవరి తలుపు తట్టును? కాలు విరిగినవానిని పరుగున పోయి వైద్యుని పిలుచుకొని రమ్మనుట వంటిదే ఇది. అడుగవలసిన పని పిల్లవానిది కాదు, మనది. పైగా మన బడులలో మౌనము సద్గుణము. అల్లరిచేయువాడు వెంటనే కనబడును; కుంగినవాడు కదలక కూర్చుండును గనుక బుద్ధిమంతుడని మెప్పు పొందును.

నేను ముప్పది సంవత్సరములు జూనియరు కాలేజీలో పాఠము చెప్పితిని. నా తరగతిలో మొదటి బల్లమీద ఒక పిల్లవాడుండెడివాడు; తల ఎత్తడు, పలుకడు, నోటుపుస్తకము ముత్యములు పేర్చినట్లుండెడిది. వానిని చూచి నేర్చుకొండని మిగిలినవారిని ఎన్నిమారులు మందలించితినో. ఒకనాడు రాలేదు, మరునాడు రాలేదు, తరువాత టీసీ తీసికొని పోయినాడని గుమాస్తా చెప్పెను. ఏండ్లు గడచిన పిమ్మట మదనపల్లె టమోటా మార్కెట్టులో, వేలము జరుగుచున్న అరుగు ప్రక్కన, చెవిమీద పెన్సిలు పెట్టుకొని మండీ చీటీలు వ్రాయుచున్న మనిషి లేచి నమస్కరించెను. అక్షరములను చూచి గుర్తుపట్టితిని. టీ తెప్పించెను. ఆ సంవత్సరమంతయు రాత్రులు ఎట్లు గడచినవో, చెరువువైపు ఎన్నిమారులు నడచి తిరిగివచ్చెనో, నెమ్మదిగా, వేరెవరినో గూర్చి చెప్పినట్లు చెప్పెను. తుదకు వాని మేనమామ నిమ్హాన్స్‌కు తీసికొనిపోగా, వైద్యులు ఏడాది పైబడి మందులిచ్చి, మాటలాడించి, మనిషిని చేసిరట. "నాకు చెప్పకపోతివేమయ్యా?" అంటిని. "మీరు అందరిలో నన్ను మెచ్చుకుంటాంటిరి సార్, ఇంక ఎట్ల చెప్పేది? పక్కకు పిలిచి ఒక్కతూరి అడిగింటే చెప్పిండేవాణ్ణి" అనెను. అయ్యవారి శిష్యుడనని చెప్పుకొని తిరిగిన నేను ముప్పదియేండ్లలో ఒక్క చుక్కయు పెట్టలేదు.

ఈ ప్రాంతమునకు ఇట్టి వ్యాధి క్రొత్త కావచ్చును గాని వ్యాధిని దాచుకొనుట క్రొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915 ప్రాంతమున క్షయ శానిటోరియము తెరచినపుడు, డెన్మార్కునుండి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలరు దానికి మొదటి సూపరింటెండెంటు. క్షయ ఉన్న ఇంట పిల్లనిచ్చెడివారు కారు. దగ్గు వినబడకుండ నోటిలో గుడ్డ కుక్కుకొనెడివారని మా అవ్వ చెప్పెడిది. నేడు కళ్ళె పరీక్షకు డబ్బీ చేతపట్టుకొని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవు మనిషిని ఎవరును వింతగ చూడరు. సిగ్గు ఉపదేశములవలన పోలేదు. మందు వచ్చినందున, అది దొరకెడి చోటు అందరికి తెలిసినందున పోయినది. ఇచ్చట చరిత్ర చేసిన ఒక చమత్కారమును చెప్పక ఉండలేను. 1952లో అమెరికాలోని ఒక క్షయ ఆసుపత్రిలో ఐప్రోనియజిడ్ అనెడి క్రొత్త మందును పరీక్షించుచుండగా, మంచము దిగని రోగులు లేచి నవ్వసాగిరి, ఆకలి అనిరి, వార్డులో నాట్యమాడిరి. ఊపిరితిత్తులకని ఇచ్చిన మందు మనసును లేపినది. కుంగుబాటునకు వాడబడిన తొలి ఔషధములలో అది ఒకటి. కాలేయమునకు హాని చేయుటచేత ఆ మందు తరువాత మూలపడినది గాని, దిగజారిన మనసును ఔషధము అందుకొనగలదను నమ్మకము లోకమునకు కలిగినది, ఆరోగ్యవరము వంటి ఒక శానిటోరియములోనే.

తల్లులు నన్ను అడిగెడి ప్రశ్నలు రెండు. మందులు అలవాటై పోవునా? రేపు పెండ్లికి అడ్డు వచ్చునా? మొదటిదానికి జవాబు: కుంగుబాటునకు ఇచ్చు మందులు మత్తుమందులు కావు, పిల్లలందరికి మందు అవసరమును కాదు, చాలమందికి శిక్షణ పొందినవారితో వారము వారము జరుగు సంభాషణయే చికిత్స. మందు అవసరమైనచో పని చేయుటకు కొన్ని వారములు పట్టును. ఆ తొలి వారములలో పిల్లవానిని కనిపెట్టి ఉండవలెను, గుణమైనదని మనంతట మనమే మానిపింపరాదు. రెండవ ప్రశ్నకు నా జవాబు కొంచెము కటువుగా ఉండును: పెండ్లినాటికి పిల్ల ఉండవలెను గదా అమ్మా.

దారి ఎటు? తొలుత మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరు. జిల్లా మానసికారోగ్య కార్యక్రమము 1996నుండి దేశములో నడచుచున్నది గనుక, పై ఆసుపత్రికి చీటీ వ్రాసి పంపుట ఆయన విధి. బెంగుళూరు మనకు దూరము కాదు. టమోటాలు పోవు దారియే. ఇంటిలో కూర్చుండి మాటలాడదలచినచో 14416 అను టెలీ-మానస్ నంబరు, 2022 అక్టోబరు 10న ఆరంభమైనది, పగలు రాత్రి పనిచేయును, తెలుగులో మాటలాడవచ్చును, ఖర్చులేదు. విద్యార్థులారా, ఆ ఐదంకెలను ఈ సాయంకాలమే వ్రాసికొనుడు; మీకొరకు కాకున్న మీ పక్కబల్లవానికొరకు. పోలీసు కేసు భయమువలన ఆసుపత్రికి తేకుండ దాచెడి కుటుంబములకొక మాట: 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము అట్టి ప్రయత్నము చేసినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగనే తలంపుమని చెప్పినది, పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై 1నుండి అమలులోనున్న న్యాయసంహితలో లేదు.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. మీకు అనుమానము కలిగిన పిల్లవానిని ఏకాంతముగ, పని ఏదైన చేతిలో ఉండగా, అడుగుడు. నిద్రను అడుగుడు, ఆకలిని అడుగుడు, తరువాత, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తాందా నాయనా?" అని సూటిగ అడుగుటకు వెనుదీయకుడు. అడిగినందువలన ఆ తలంపు క్రొత్తగ పుట్టదని వైద్యులు నిర్ధారించియున్నారు. ఉన్నదైనచో తొలిసారి వెలుగు చూచును. ఔననినచో ఉపన్యాసమీయక, ఒంటరిగ వదలక, ఇంటివారిని పిలిచి, డాక్టరు దగ్గరకు వెంట పొండు. "ఎవరికీ చెప్పొద్దు సార్" అని వాడు మాట తీసికొనదలచినచో ఆ మాట మాత్రము ఇయ్యకుడు.

హాజరు పట్టీని ఈ బడికే ఇచ్చివేయవలెనని ఆ కుమార్తె కోరిక. ఉపన్యాసానంతరము ప్రధానోపాధ్యాయులకు అప్పగింతును. ఇచ్చుటకు ముందు నిన్న రాత్రి మరియొకసారి పుటలు త్రిప్పితిని. అయ్యవారు చుక్కను సిరాతో పెట్టకపోవుటకు హేతువు అప్పుడు తెలిసినది. అక్టోబరు పుటలో నా పేరునకు చుక్క ఉన్నది, నవంబరులో ఉన్నది, జనవరిలో ఉన్నది. మార్చి పుటలో చుక్క లేదు, రబ్బరుతో తుడిచిన మరక ఉన్నది, కాగితము అచట పలుచనైనది. నాకు రెండు వరుసల క్రింద ఒక అమ్మాయి పేరు. ఆమె ముఖము నాకు జ్ఞాపకము రాలేదు. డిసెంబరు వరకు చుక్క ఉన్నది. జనవరిలో ఆ పేరుమీద ఎర్రసిరా గీత, ఎదుటి గడులన్నిటి మీదుగా, అయ్యవారి అక్షరములతో, "వివాహము" అని. చుక్కను ఆయన తుడువలేదు.